ఆ ఓవెన్‌లోంచి గిన్నెలు తీసేయండి

‘ఏడింటికి ఇల్లు చేరి, వంట చేసుకుని, అంట్లు తోమేసరికి పది దాటుతోంది, ఏదైనా దారి చెప్పండి అక్కా’ అని విదేశానికి కొత్తగా వచ్చిన మన పిల్లలు అడుగుతూ ఉంటారు. మీ అద్దె ఇంట్లో మూకుళ్లు దాచుకునే అల్మారాగా వాడుతున్న ఓవెన్ ఉంది చూశారూ, ముందు దాన్ని ఖాళీ చేయండి. ఒక్క ట్రేలో చికెన్, కూరగాయలు కలిపి కాల్చుకోవచ్చు.

వచ్చిన కొత్తలో నేనూ ఒకసారి భంగపడ్డాను. 220 డిగ్రీలని ఎక్కడో చదివి, మీటను 220 దగ్గరికి తిప్పి, నలభై నిమిషాలు ఆకలితో కూర్చున్నాను. తీసి చూస్తే నాతోపాటు కోడి కూడా తెల్లబోయి ఉంది. అది ఫారెన్‌హీట్ ఓవెన్! అందులో 220 అంటే సెల్సియస్‌లో 104 మాత్రమే. పెట్టాల్సింది 425. కాబట్టి మీట మీద సి ఉందో ఎఫ్ ఉందో ముందు చూసుకోండి. సి అంటే సెల్సియస్, 220 పెట్టాలి; ఎఫ్ అంటే ఫారెన్‌హీట్, 425 పెట్టాలి. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే సెల్సియస్‌లో ఇరవై తగ్గించి 200 పెడితే చాలు.

ఇద్దరికి ఎముకతో ఉన్న తొడ ముక్కలు నాలుగు తీసుకోండి. రొమ్ము ముక్క త్వరగా ఎండి పీచులా తయారవుతుంది, కొత్తవాళ్లకు తొడే మేలు. చికెన్‌ను కుళాయి కింద కడగకండి. ఆ తుంపరలతో క్రిములు సింకు చుట్టూ పడతాయి, చికెన్‌లో ఉన్నవాటిని చంపే పని ఓవెన్ వేడి చూసుకుంటుంది. పేపర్ టవల్‌తో తడి అద్దితే చాలు. తడి ఉంటే చర్మం కరకరలాడదు.

రెండు బంగాళాదుంపలు, రెండు క్యారెట్లు అంగుళం ముక్కలుగా, ఒక ఉల్లిపాయ పెద్ద పాయలుగా కోయండి. అన్నిటికీ నూనె, ఉప్పు, కారం, మిరియాల పొడి పట్టించండి. వెల్లుల్లి రెబ్బలను పొట్టుతోనే వేయండి. దంచి వేస్తే ఆ వేడికి మాడి చేదెక్కుతాయి, పొట్టుతో వేస్తే లోపల వెన్నలా అవుతాయి.

ఇక అన్నిటినీ ట్రేలో పరవండి. మనవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. ముక్కలన్నీ ఒకే ట్రేలో కుక్కేస్తారు. అప్పుడు వాటి నీరు వాటికే ఆవిరై, కాలడం మానేసి ఉడుకుతాయి. ముక్కకీ ముక్కకీ మధ్య వేలు దూరేంత సందు ఉండాలి. చాలకపోతే రెండో ట్రే తీయండి. మూత పెట్టొద్దు, నీళ్లు పోయొద్దు, పదేపదే తలుపు తెరిచి కలపొద్దు. చేయి ఊరుకోదని నాకు తెలుసు, అయినా ఊరుకోబెట్టండి.

ఓవెన్ బాగా వేడెక్కాకే ట్రే పెట్టండి. ఇరవై నిమిషాలకు బ్రోకలీ, క్యాప్సికం లాంటివి చేర్చండి. ముందే వేస్తే బొగ్గవుతాయి. మొత్తం నలభై నిమిషాలు పడుతుంది. ముక్క పరిమాణాన్ని బట్టి అటూ ఇటూ కావచ్చు. చిన్న వంట థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. ఎముకకు తగలకుండా కండలో గుచ్చితే 74 డిగ్రీల సెల్సియస్ చూపించాలి. రంగును మాత్రం నమ్మకండి.

స్మోక్ అలారం మోగితే కంగారు వద్దు. చాలాసార్లు అది కిందటిసారి కారిన కొవ్వు మాడటమే. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, కిటికీ తెరవండి.

దించాక నిమ్మకాయ పిండి, ట్రేకు అంటిన ఎర్రటి మడ్డిని గరిటెతో గీరి ముక్కలకు పట్టించండి. రుచంతా అందులోనే ఉంటుంది. మిగిలింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు తినొచ్చు. గాజు ట్రే అయితే వేడి మీద చన్నీళ్లు పోయకండి, ఠప్పున పగులుతుంది.