వెనక్కి పల్టీ కొట్టే ముందు

సత్యనారాయణపురం,
విజయవాడ.

చిరంజీవి చైతన్యకు,

అత్త ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం.

నువ్వు పంపిన వీడియో చూశాను. గుంటూరు బ్రాడీపేట సందులో ఆ స్ప్రింగ్ స్టిల్ట్స్, అదే స్ప్రింగ్ పట్టీ ఉండే పొడుగు కాళ్లు, కట్టుకుని నువ్వు గెంతుకుంటూ పోతున్నావు, వెనక కుక్కలు తరుముతున్నాయి, పైన కేబుల్ వైర్లు నీ తలకి జానెడు ఎత్తులో వేలాడుతున్నాయి. పరుగు బాగా కుదిరింది, కాదనను. కాలేజీ ఫెస్ట్‌లో వాటి మీద బ్యాక్‌ఫ్లిప్ కొట్టాలని ఉందని, ఎలా నేర్చుకోవాలో చెప్పమని, నాన్నకు మాత్రం చెప్పొద్దని రాశావు. మీ నాన్నకు నేను చెప్పను. నువ్వే చెప్పాలి. ఆ మాట తర్వాత.

వద్దని చెప్పడం నాకు చేతకాదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లలకు పల్టీలు నేర్పాను. రిటైరయ్యాక ఫంక్షన్ హాళ్ల గేటు దగ్గర స్టిల్ట్స్ మీద తిరుగుతూ అతిథులను ఆహ్వానించే కుర్రాళ్లు వస్తే వాళ్లకూ నేర్పాను. అందుకే సూటిగా చెప్తున్నాను. నువ్వు రెండు పనులు ఒకేసారి నేర్చుకుందామనుకుంటున్నావు. పల్టీ వేరు, స్టిల్ట్స్ వేరు. నేల మీద, ఉత్త కాళ్లతో, ఎవరూ ముట్టుకోకుండా, అలిసిపోయి ఉన్నప్పుడు కూడా బ్యాక్‌ఫ్లిప్ పడాలి. అది వచ్చేదాకా స్టిల్ట్స్ మీద పల్టీ ఊసే వద్దు.

ఈ స్ప్రింగ్ స్టిల్ట్స్ జర్మనీకి చెందిన అలెగ్జాండర్ బాక్ కనిపెట్టినవి. 2008లో బీజింగ్ ఒలింపిక్స్ ముగింపు వేడుకలో వీటి మీద గెంతిన వాళ్లను చూసే ఉంటావు. వాళ్లు ఆ ఒక్క రాత్రి కోసం ముందు నుంచీ సాధన చేసినవాళ్లు. నువ్వు ఫోన్లో చూసే రీల్స్‌లో పడినవి ఉండవు, కుదిరిన ఒక్కటే ఉంటుంది. దాన్ని చూసి లెక్క వేసుకోకు.

ఇప్పుడు పల్టీ సంగతి. గాల్లోకి లేచాక మనం కొత్తగా తిరుగుడు పుట్టించలేం. నేల విడిచేటప్పుడు ఎంత తిరుగుడు తీసుకెళ్లామో అంతే. ముడుచుకుంటే అది వేగమవుతుంది, ఒళ్లు చాపితే నెమ్మదవుతుంది. స్టిల్ట్ ఒక్కోటి మూడు నాలుగు కిలోలుంటుంది, అదీ కాలి చివర. అంత బరువు ఒంటికి దూరంగా ఉంటే అదే ఊపుకి నెమ్మదిగా తిరుగుతావు. స్ప్రింగ్ వల్ల ఎత్తు ఎక్కువ వస్తుంది కాబట్టి గాల్లో సమయం కూడా ఎక్కువ దొరుకుతుంది. కుర్రాళ్లు మోసపోయేది ఇక్కడే. ఇంత ఎత్తు ఉంది కదా, ఎలాగో తిరిగేస్తాం అనుకుంటారు.

అంతకంటే పెద్ద చిక్కు స్ప్రింగ్ టైమింగ్‌ది. నేల మీద కాలితో తన్నగానే పైకి లేస్తాం. స్టిల్ట్స్ మీద నువ్వు తొక్కాక ఆ ఫైబర్‌గ్లాస్ పట్టీ వంగాలి, మళ్లీ సాగాలి, అప్పుడు లేపుతుంది. అది పూర్తిగా సాగకముందే తల వెనక్కి వేశావంటే ఎత్తు పోతుంది, వెనక్కి కొట్టుకుపోతావు. ఉయ్యాల వెనక్కి పూర్తిగా రాకముందే తోసినట్టు ఉంటుంది అది. పైకి లేచే ఘట్టంలో కళ్లు ఎదురుగా ఉన్న గోడ మీదే ఉండాలి, చేతులు చెవుల పక్కకు పోవాలి, ఛాతీ నిటారుగా ఉండాలి. ఒళ్లంతా సాగి, స్ప్రింగ్ తన పని చేశాక మోకాళ్లు ఛాతీకి లాగు. మోకాళ్లు లాగితే నడుము తిరుగుతుంది, నడుము వెంట తల దానంతటదే వస్తుంది. తలతో మొదలుపెట్టే అలవాటు ఉంటే నేల మీదే పోగొట్టుకోవాలి.

ముడుచుకున్నప్పుడు పిక్కలు పట్టుకోకు. నేల మీద అందరం అక్కడే పట్టుకుంటాం, కానీ స్టిల్ట్స్ కట్టుకుంటే అక్కడ మెటల్ ఫ్రేమ్, బెల్టులు ఉంటాయి, వేళ్లు ఇరుక్కుంటాయి. తొడల వెనక చేతులు వేసుకో. ఈ అలవాటు కూడా ఉత్త కాళ్లతో ఉన్నప్పుడే చేసుకో.

వరస చెప్తాను. ముందు వెనక్కి పిల్లిమొగ్గలు, బ్రిడ్జ్ (వెల్లకిలా చేతులూ కాళ్లూ నేలకు ఆనించి నడుము విల్లులా పైకి లేపడం), గోడకు ఆనుకుని చేతుల మీద నిలబడటం. తలకిందులుగా ఉన్నప్పుడు నేల ఎటుందో ఒంటికి తెలియాలి, అందుకు ఇవి. తర్వాత కోచ్ చెయ్యి నడుము కింద ఉండగా నేల మీద బ్యాక్‌ఫ్లిప్. అది సొంతంగా వచ్చేదాకా వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. ట్రాంపొలిన్ మీద నేర్చుకోవచ్చా అని నువ్వు అడుగుతావని తెలుసు. తిరగడం అలవాటవుతుంది, మంచిదే. కానీ ట్రాంపొలిన్ ఇచ్చే ఊపు వేరు, ఆ ధైర్యం నేల మీద పనికిరాదు. కోచ్ లేకుండా ట్రాంపొలిన్ మీద కూడా పల్టీలు వద్దు.

ఇదంతా సాగుతుండగానే పక్కన స్టిల్ట్స్ సాధన చేసుకో, పల్టీ లేకుండా. ఉన్నచోటే రెండు కాళ్లతో గెంతు. లేచిన చోటే దిగాలి, సుద్దతో గీసిన గడి దాటకూడదు. కాళ్ల మధ్య భుజాలంత ఎడం ఉండాలి, ఒకదానికొకటి తగిలితే అయిపోయినట్టే. అది కుదిరాక పైకి లేచినప్పుడు మోకాళ్లు ఛాతీకి లాగి, చాపి, అదే గడిలో దిగు. ఈ ఒక్క గెంతు నిలకడగా రానివాడికి పల్టీ రాదు. వచ్చినా దిగడం రాదు.

పడటం కూడా నేర్చుకోవాలి. స్టిల్ట్స్ మీద ముందుకు పడటమే మంచిది. మోకాలి ప్యాడ్లు మొదట తగలాలి, తర్వాత రిస్ట్ గార్డులున్న అరచేతులు. చేతులు బిగబట్టి నేలకు ఆనించకు, మణికట్టు ఎముక విరిగేది అలాగే. వెనక్కి పడుతున్నానని తెలిస్తే గడ్డం ఛాతీకి ఆనించి, ఒక పక్కకు ఒరుగు.

పరికరాల గురించి నువ్వు ఏమీ రాయలేదు, అందుకే నాకు అనుమానం. స్ప్రింగ్‌లు మనిషి బరువును బట్టి వస్తాయి. 50 నుంచి 70 కిలోల వాళ్లకు ఒకటి, 70 నుంచి 90 వాళ్లకు ఇంకొకటి, ఇలా ఉంటాయి. నువ్వు సెకండ్ హ్యాండ్‌లో కొన్నావు, ఆ అమ్మినవాడి బరువెంతో అడిగావా? మెత్తటిదైతే పూర్తిగా వంగిపోయి విరుగుతుంది. గట్టిదైతే వంగదు, ఎత్తు రాదు. ప్రతిసారీ కట్టుకునే ముందు పట్టీ మీద పొరలు లేచాయా, సన్నటి చీలిక ఉందా అని వెలుతురులో వేలితో తడిమి చూడు. ఉంటే టేపు చుట్టి సరిపెట్టకు, మార్చు. బోల్టులన్నీ బిగించు. కింది రబ్బరు అరిగి మెటల్ కనపడుతుంటే ఆ రోజుకు మానెయ్.

హెల్మెట్ అంటే నీ బైక్ హెల్మెట్ కాదు. అది బరువు, తిరిగేటప్పుడు మెడ మీద పడుతుంది. క్రికెట్ హెల్మెట్ కూడా కాదు. తల వెనక భాగం కిందిదాకా కప్పే స్కేటింగ్ హెల్మెట్ కొనుక్కో. మోచేతులకు, మోకాళ్లకు ప్యాడ్లు, రిస్ట్ గార్డులు. డబ్బులు లేవంటావేమో. స్టిల్ట్స్‌కి దొరికిన డబ్బులు వీటికి ఎందుకు దొరకవురా?

చోటు. కృష్ణ ఒడ్డున ఘాట్లు ఖాళీగా ఉంటాయి కదా అని మీవాళ్లు ఎవరో అన్నారట. రాళ్లు నున్నగా ఉంటాయి, తడి తగిలితే రబ్బరు నిలవదు, మెట్లు వేరే. ఇసుకలో దిగబడుతుంది. సందుల్లో వైర్లు, మ్యాన్‌హోల్ మూతలు. ఎవరో కల్యాణమండపం ఇప్పిస్తానన్నారని రాశావే, అక్కడ పైన ఫ్యాన్లు ఉంటాయి. స్టిల్ట్స్ కట్టుకోగానే అడుగున్నర ఎత్తు పెరుగుతావు, ఆ పైన గెంతు, ఆ పైన గాల్లో తిరిగే కాళ్లు. లెక్క నువ్వే వేసుకో. ఎత్తైన పైకప్పు ఉన్న ఇండోర్ హాలు కావాలి, లేదంటే తెల్లవారుజామున ఎండిన గట్టి నేల ఉన్న మైదానం. మన ఎండల్లో తొమ్మిది దాటాక సాధన చేస్తే చెమటకు అరచేతులు జారతాయి, పిక్కలు పట్టేస్తాయి.

పరుపులు వేసుకుంటాం అన్నావు. ఇంట్లోని దూది పరుపులు, స్పాంజ్ పరుపులు మాత్రం వద్దు. స్టిల్ట్ అడుగు అరచేతి కంటే చిన్నది, మెత్తటి దాంట్లో కూరుకుపోతుంది. అడుగు ఇరుక్కుని ఒళ్లు తిరిగితే ముందు పోయేది మోకాలే. కబడ్డీకి, జూడోకి పరిచే గట్టి మ్యాట్లు కావాలి, మధ్యలో సందు లేకుండా పరవాలి.

ఇక పక్కన నిలబడేవాళ్లు. దీని గురించి ఎక్కువ రాస్తున్నానని విసుక్కోకు, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. స్టిల్ట్స్ మీద మొదటి పల్టీ బెల్టులో పడాలి. నడుముకు బెల్టు కట్టి, పైనున్న కప్పీల మీదుగా తాళ్లు వేసి, ఇద్దరు కింద పట్టుకుంటారు. నువ్వు సగంలో ఆగిపోయినా గాల్లో వేలాడతావు తప్ప నేలకు కొట్టుకోవు. అది ఉన్న జిమ్నాస్టిక్స్ హాలు వెతకాలి, దాని బదులు చున్నీలు, నవ్వారు తాళ్లు కట్టుకోవడం కుదరదు. బెల్టులో అదుపు వచ్చాక ఇద్దరు మనుషులు, చెరో పక్క. ఒక చెయ్యి నడుము కింద, ఇంకో చెయ్యి తొడ వెనక. ఎవరూ వెనక నిలబడకూడదు, ఎదురుగానూ నిలబడకూడదు. తిరిగే కాళ్లకు మెటల్ ఉంది, ముఖానికి తగిలితే దవడ పోతుంది. వాళ్లిద్దరూ కూడా హెల్మెట్ పెట్టుకోవాలి. నేల మీద నీ పల్టీలు పట్టుకుని అలవాటైన వాళ్లే రావాలి. వీడియో తీసేవాడిని పట్టుకోమని పిలవకు, వాడి ధ్యాస ఫోన్ మీద ఉంటుంది.

పల్టీ మొదలుపెట్టాక మధ్యలో భయపడి ఒళ్లు చాపడం అన్నిటికంటే ప్రమాదం. చాపితే తిరుగుడు బాగా నెమ్మదవుతుంది, అప్పటికి తల కిందికి ఉంటుంది. ముడుచుకునే ఉంటే, కాస్త తక్కువ తిరిగినా మోకాళ్ల మీద, చేతుల మీద పడతావు. అందుకే అనుమానం ఏదైనా ఉంటే లేవకముందే తీర్చుకో. రెండు చిన్న గెంతులు, ఒక పెద్ద గెంతు, ఆ పెద్ద గెంతులో ఏ మాత్రం తేడా అనిపించినా నిటారుగా లేచి దిగిపో. అలా దిగిపోయినందుకు నవ్వేవాళ్లను మళ్లీ పిలవకు. దిగేటప్పుడు కళ్లు తెరిచి నేల చూడు, మోకాళ్లు కాస్త వంచి ఉంచు, కదలకుండా నిలబడాలని చూడకుండా నాలుగడుగులు ముందుకు పరిగెత్తు. స్టిల్ట్స్ మీద నిలబడిపోవడం ఎలాగూ కుదరదు. వరసగా రెండు సరిగా పడకపోతే ఆ పూటకు స్టిల్ట్స్ విప్పెయ్.

నాన్నకు చెప్పమన్నది ఎందుకో ఇప్పుడు చెప్తాను. మెడ మీదో వీపు మీదో పడితే మనవాళ్లు ఏం చేస్తారు? నలుగురూ కాళ్లూ చేతులూ పట్టుకుని లేపి, మొహాన నీళ్లు కొట్టి, ఆటోలో కూలేస్తారు. అప్పటిదాకా బాగున్న వెన్ను ఆటోలో పోవచ్చు. పడినవాడు మెడ నొప్పి అన్నా, చేతులూ కాళ్లూ తిమ్మిరి అన్నా, స్పృహ తప్పినా కదపకూడదు, హెల్మెట్ తియ్యకూడదు. ఒకరు తలకు రెండు పక్కలా చేతులు పెట్టి కదలకుండా పట్టుకోవాలి, ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి. నీతో వచ్చే ప్రతివాడికీ ఇది ముందే తెలిసి ఉండాలి. ఆ సమయంలో ఇంట్లో తెలిస్తే తిడతారని ఫోన్ చెయ్యడానికి వెనకాడే కుర్రాళ్లు నీ పక్కన ఉండకూడదు. నాన్నకు తెలిసి ఉంటే ఆ వెనకాడటం ఉండదు. కోప్పడతాడు, రెండు రోజులు మాట్లాడడు, తర్వాత హెల్మెట్ ఆయనే కొనిపెడతాడు. మా అన్నయ్య సంగతి నాకు తెలియదా.

ఫెస్ట్ తేదీ మాట. తేదీ పెట్టుకుని పల్టీ నేర్చుకునేవాడు ఆఖరి వారంలో ఒక మెట్టు ఎగరగొడతాడు, ఆ మెట్టు ఎప్పుడూ బెల్టే అవుతుంది. ఈ ఏడాది ఫెస్ట్‌లో స్టిల్ట్స్ మీద పరుగు, ఎత్తు గెంతులు, మోకాళ్లు ముడిచే గెంతు చూపించు. జనానికి అవే కొత్త. స్టేజీ మీద మాత్రం ఒప్పుకోకు, చెక్క పలకలు ఊగుతాయి, కింద ఏముందో తెలియదు.

ఈ ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వచ్చెయ్. ఏమీ తినకుండా రావద్దు, కడుపునిండా తిని కూడా రావద్దు, ఒక అరటిపండు చాలు. నిన్ను పట్టుకుంటానన్న ఆ ఇద్దరు స్నేహితులనూ తీసుకురా, ముందు వాళ్లకు చేతులు ఎక్కడ వెయ్యాలో నేర్పుతాను. వదినకు చెప్పు, మధ్యాహ్నం అందరికీ భోజనం ఇక్కడే. స్టిల్ట్స్ మాత్రం ఇంట్లో వదిలేసి రా.

మీ అత్త