మూడో బీరు నుంచి అన్నీ ఒకేలా చేదుగా తోచాయంటే చిక్కు వరుసలోనే ఉంది

నమస్కారమండీ. మీ బావగారు తెచ్చిన ఆరు రకాల కొలాబరేషన్ బీర్లను (రెండు బ్రూవరీలు కలిసి తయారుచేసినవి) కావలిలో మిత్రులతో రుచి చూస్తే, మూడోదాని నుంచి అన్నీ ఒకే చేదుగా తోచాయనీ, ర్యాంకులు ఎలా ఇవ్వాలో తెలియడం లేదనీ రాశారు. మీరు ఐపీఏతో (ఇండియా పేల్ ఏల్, హాప్స్ పూలు దండిగా వేసే చేదు బీరు) మొదలుపెట్టడమే అసలు చిక్కు. హాప్స్ చేదు నాలుక మీద నిలిచిపోతుంది కనుక, దాని వెనుక వచ్చిన గోధుమ బీరులోని అరటిపండు, లవంగాల వాసన మీకు అందలేదు.

ప్రతి రకంలోనూ ఇంకో సీసా ఉందన్నారు గనుక ఈసారి లాగర్, గోధుమ బీరు, పేల్ ఏల్, రెండు ఐపీఏలు, చివర నల్లటి స్టౌట్ అనే వరుసలో తలా నాలుగు గుక్కలే పోసుకోండి. లాగర్‌ను ఫ్రిజ్‌లోంచి తీయగానే తాగవచ్చు గానీ, స్టౌట్ 10 నుంచి 13 డిగ్రీలకు వచ్చాకే కాఫీ, చాక్లెట్ వాసనలు విప్పుతుంది. మన ఎండలకు పావుగంట బయట ఉంచితే చాలు. గ్లాసు గోడకు బుడగలు అంటుకుని నిలిచాయంటే లోపల జిడ్డు ఉన్నట్టే, మళ్లీ కడగండి. చేపల పులుసు ఆ పూటకు వద్దు (నెల్లూరు వాడిగా ఈ మాట రాయడం నాకూ కష్టమే), బొరుగులూ మంచినీళ్లూ చాలు.

మార్కులకు బీజేసీపీ (బీరు పోటీల న్యాయనిర్ణేతలకు ధ్రువపత్రాలిచ్చే అమెరికా సంస్థ) పద్ధతి వాడండి: వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోటికి తగిలే తీరుకు 5, మొత్తం అభిప్రాయానికి 10, కలిపి 50. లేబుల్ మీది రెండు బ్రూవరీల పేర్లు చూస్తే మార్కులు వాటంతటవే పెరుగుతాయి, కాబట్టి తాగనివారెవరైనా చాటున పోసి అంకెలు వేసి ఇవ్వాలి.