ర్యాంచ్ ప్రేమకథ రాస్తున్న అమ్మాయికి

ప్రియమైన అమ్మాయీ,

నువ్వు పంపిన పన్నెండు అధ్యాయాలూ చదివాను. గన్నవరంలో పశువైద్యం చదివి అమెరికాలోని మోంటానా చేరిన అమ్మాయి, తండ్రి పోయాక మూడు వందల ఆవుల ర్యాంచ్‌ని, అంటే పశువుల పెంపక క్షేత్రాన్ని, ఒక్కడే నెట్టుకొస్తున్న అబ్బాయి. ఈ జంటకి బలం ఉంది. సంభాషణలు నీకు బాగా వచ్చు. కానీ నీ ర్యాంచ్‌లో పని కనబడలేదు. గుర్రాలున్నాయి, సూర్యాస్తమయాలున్నాయి, ఆవులు మాత్రం ఎక్కడో కొండవాలున మేస్తుంటాయి. పని లేని చోట ఇద్దరి మధ్య నమ్మకం పుట్టడానికీ తగువు రావడానికీ కారణాలు దొరకవు. అందుకే నీకు అపార్థాల మీద అపార్థాలు కల్పించాల్సి వస్తోంది.

ముందు ఏడాది పనుల పట్టిక ఒకటి రాసి బల్ల మీద పెట్టుకో. ఆవు చూడి కాలం సుమారు 283 రోజులు. జూన్ 1న ఆబోతుల్ని మందలోకి వదిలితే మార్చి రెండో వారంలో ఈతలు మొదలవుతాయి. పాతిక, ముప్పై ఆవులకి ఒక ఆబోతు కావాలి. అంటే నీ హీరో దగ్గర పదో పన్నెండో ఉండాలి, నువ్వు ఒక్కటే పెట్టావు. రెండు నెలలు దాటితే వాటిని మందలోంచి తీసేస్తారు కాబట్టి ఈతలు మే మధ్యకల్లా ముగుస్తాయి. మేలోనే ఇరుగుపొరుగు ర్యాంచ్‌ల వాళ్లు కలిసి దూడలకి ముద్రలు వేస్తారు, టీకాలు ఇస్తారు, మగదూడలకి విత్తులు తీస్తారు. వేసవిలో గడ్డికోత. అక్టోబరులో దూడల్ని తల్లుల నుంచి విడదీసి అమ్ముతారు, ఆవులకి చూడి పరీక్ష చేయిస్తారు, కట్టని వాటిని చాలావరకు అమ్మేస్తారు. చలికాలమంతా మేత మొయ్యాలి. ఆవుకి రోజుకి పన్నెండు, పదమూడు కిలోల ఎండుగడ్డి అనుకున్నా, ఆ మందకి దాదాపు నాలుగు టన్నులు.

ఇప్పుడు నీ ఏడో అధ్యాయం చూడు. మార్చి 20న హీరో మూడు రోజులు ఊరొదిలి హీరోయిన్‌తో విహారానికి వెళ్లాడు. తొలిచూలు పెయ్యల్ని రాత్రంతా రెండు మూడు గంటలకోసారి లేచి చూసుకోవాల్సిన రోజులవి. ఆ అధ్యాయం మొత్తం తీసెయ్. దాని బదులు వాళ్లిద్దర్నీ కొట్టంలో పెట్టు.

ఆ రాత్రి ఎలా ఉంటుందో వివరంగా చెబుతాను, ఎందుకంటే నీ నవలకి ప్రాణం అక్కడే ఉంది. ఉమ్మనీటి సంచి కనబడ్డాక పెయ్య గంటసేపు ముక్కుతున్నా ఏ మార్పూ లేకపోతే చెయ్యి పెట్టి చూడాల్సిందే. సరిగ్గా వస్తున్న దూడకి ముందరి కాళ్లు రెండూ, వాటి మీద ముక్కూ తగులుతాయి. ఒక కాలు వెనక్కి మడిచి ఉంటే ముందు దూడని లోపలికి నెట్టి చోటు చేసుకోవాలి. తర్వాత గిట్టని అరచేతిలో మూసిపట్టి కాలిని ముందుకి తేవాలి. గిట్టని అలా మూయకపోతే గర్భసంచి చిరగొచ్చు. కాళ్లకి గొలుసు వేసేటప్పుడు గిట్ట పై కీలుకి ఎగువన ఒక చుట్టు, దిగువన ఒక చుట్టు వెయ్యాలి. ఒకే చుట్టు వేసి లాగితే బలమంతా ఒక్కచోట పడి ఎముక విరగొచ్చు. పెయ్య ముక్కినప్పుడే లాగాలి, అది ఆగితే ఆగాలి. దూడ బయటపడ్డాక నోరూ ముక్కూ తుడిచి, గడ్డిపరకతో ముక్కులో పొడిచి తుమ్మించి, బోర్లా కూర్చోబెట్టాలి. తలకిందులుగా వేలాడదీయడం పాత అలవాటు, దానివల్ల ఊపిరి ఇంకా కష్టమవుతుంది. మొదటి రెండు గంటల్లో రెండు లీటర్ల దాకా ముర్రుపాలు పట్టాలి. ఇరవై నాలుగు గంటలు దాటాక పట్టినా వాటిలోని రక్షణ దూడ రక్తంలోకి చేరదు. సున్నాకి దిగువన ఉన్న చలిలో తడి దూడని అలాగే వదిలేస్తే చెవులు గడ్డకట్టి రాలిపోవచ్చు.

ఇంత జరుగుతున్నప్పుడు ఎవరూ మనసు విప్పి మాట్లాడుకోరు. ఆమె "ఆగు", "ఇప్పుడు లాగు" అంటుంది. తన కొట్టంలో ఇంకొకరి మాట వినడం అలవాటు లేని మనిషి ఆ మాటకి ఆగుతాడు, లాగుతాడు. పాఠకురాలికి ప్రేమ కనబడేది అక్కడే. తర్వాత పేజీన్నర పాటు నువ్వు రాసిన కళ్ల వర్ణన అవసరం లేదు.

ఒక పెద్ద పొరపాటు కూడా ఉంది. నీ హీరోయిన్ అమెరికా వచ్చిన ఆరు నెలలకే ఒంటరిగా ఆవుకి సిజేరియన్ చేసేసింది. మన డిగ్రీతో అక్కడ నేరుగా ప్రాక్టీసు పెట్టలేరు. విదేశీ పట్టభద్రులకి ఉన్న ఈసీఎఫ్‌వీజీ, పేవ్ కార్యక్రమాల్లో ఒకటి పూర్తిచేసి, అక్కడి పశువైద్య లైసెన్సు పరీక్ష నావ్‌లీ పాసై, రాష్ట్ర లైసెన్సు తీసుకోవాలి. అందాకా ఆమె ఒక డాక్టరు కింద సహాయకురాలిగానే పనిచేస్తుంది. ఇది నీకు అడ్డంకి కాదు, వరం. చేతికి పని తెలుసు, కాగితం లేదు, మంచులో డాక్టరు రావడానికి గంటన్నర పడుతుంది, దూడ తిరగడం లేదు. డాక్టరు వచ్చాక ఆవుని నిలబెట్టే, ఎడమ డొక్కకి మత్తిచ్చి కోస్తాడు, ఆ పక్కనున్న పెద్ద పొట్ట పేగుల్ని బయటికి రానివ్వదు కాబట్టి. దూడని పైకి లాగడానికి, గర్భసంచి లోపలికి జారకుండా పట్టుకోవడానికి అతనికి మనుషులు కావాలి. నీ ఇద్దరి చేతులకీ పని దొరికింది.

ఇక నువ్వు తప్పించుకున్న విషయం. అక్టోబరులో లారీ ఎక్కే దూడలు చివరికి మాంసానికే వెళ్తాయి. నీ హీరోయిన్ ఇంట్లో ఆవుకి పసుపు కుంకుమ పెడతారని రెండో అధ్యాయంలో రాసి, లారీ వచ్చేసరికి ఆమెని హైదరాబాదు పంపేశావు. ఆమెని అక్కడే నిలబెట్టు. మార్చిలో తన చేతుల్లో ఊపిరి పోసుకున్న దూడ ఆ లారీ ఎక్కాలి. తల్లులు రెండు మూడు రోజులు రాత్రీ పగలూ అరుస్తాయి, ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. ఆమె అతన్ని దోషిగా చూడకూడదు, తనకి ఏమీ పట్టనట్టూ ఉండకూడదు. ఏం తింటారు, ఏ వంటగదిలో ఏం వండుతారు అన్న మాటలు వాళ్ల మధ్య నిజంగా రావాలి. మనవాళ్లలోనే తినేవాళ్లూ ఉన్నారు, తిననివాళ్లూ ఉన్నారు. కాబట్టి తెలుగువాళ్లందరి తరఫునా ఆమెతో మాట్లాడించకు.

భూమి కొనడానికి వచ్చే దుర్మార్గపు బిల్డరు పాత్ర అరిగిపోయింది. అసలు చిక్కు ఇంట్లోనే ఉంటుంది. ఇలాంటి ర్యాంచ్‌కి ఏడాదికి ఒక్కసారే పెద్ద ఆదాయం, అదీ దూడలు అమ్మినప్పుడు. బ్యాంకు అప్పుతో ఏడాది గడిపి ఆ డబ్బుతో తీరుస్తారు. భూమి ధర మాత్రం దాని మీద పండే ఆదాయానికి పొంతన లేనంత ఎత్తున ఉంటుంది. డెన్వర్ నగరంలో ఉన్న హీరో అక్క తన వాటా డబ్బుగా అడిగిందనుకో, ఆమెది న్యాయమే. తమ్ముడు ఇవ్వలేడు, అదీ నిజమే. ఎవరూ చెడ్డవాళ్లు కాకుండానే మూడు వందల పేజీలు నడుస్తాయి.

చిన్న మర్యాదలు కూడా పట్టించుకో. "నీకెన్ని ఆవులు?" అని అక్కడ అడగరు, బ్యాంకులో ఎంత ఉందని అడిగినట్టే. గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి: తెరిచి ఉంటే తెరిచి, మూసి ఉంటే మూసి. ట్రక్కులో పక్క సీట్లో ఉన్నవాళ్లే దిగి గేటు తీస్తారు. తీగ గేటుని భుజంతో నెట్టి పట్టుకుని, పై తీగ ఉచ్చుని స్తంభానికి తగిలించడం కొత్తవాళ్లకి చేతకాదు. మొదటిసారి ఆమె అవస్థపడుతుంటే అతను దిగి సాయం చెయ్యాలా, లోపలే కూర్చోవాలా? దిగకూడదనే నా అభిప్రాయం.

మూపురం ఉన్న ఆవుల్ని మోంటానా మంచులో నిలబెట్టావు, అవి ఆ చలికి తగినవి కావు. అక్కడ ఆంగస్, హెర్‌ఫోర్డ్ జాతులని రాయి. మూపురం వదలలేనంటే కథనే టెక్సస్ గల్ఫ్ తీరానికి మార్చు. అక్కడి బ్రాహ్మన్ జాతిలో గిర్, కాంక్రేజ్, కృష్ణా లోయ జాతులతో పాటు మన ఒంగోలు రక్తం కూడా ఉంది. ఆ పెంపకందార్ల సంఘం 1924లో ఏర్పడింది. ఒంగోలు పక్క ఊరి అమ్మాయి ఆ ఆబోతు గంగడోలు చూసి గుర్తుపట్టడం మంచి సన్నివేశమే. కానీ అప్పుడు మంచుతుపాను పోతుంది, ఎండా, పిడుదులూ, కరువూ వస్తాయి. రెండూ ఒకే పుస్తకంలో కుదరవు.

ప్రేమ నవల చేతికి తీసుకున్నవాళ్లు చివరికి ఇద్దరూ కలుస్తారన్న భరోసాతోనే చదువుతారు. ఆ మాట తప్పకు. అయితే ఆమె లైసెన్సు వదిలేసి అతని వంటింట్లో స్థిరపడితే అది కలవడం కాదు. అక్కకి వాటా ఎలా చెల్లించారు, ఆమె క్లినిక్ ఎక్కడ పెట్టింది, ఈతల కాలంలో రాత్రి కాపలా ఎవరెవరు పంచుకున్నారు అన్నవి లెక్కలతో సహా తేలాలి.

అక్టోబరు అధ్యాయం ముందు రాసి పంపు. అది కుదిరితే మార్చిలో ఏ దూడ పుట్టాలో నీకే తెలుస్తుంది.

ఆశీస్సులతో.