నొప్పి మాత్రలు వాడుతున్న నాన్న ముందుకు వంగిపోతున్నారు, మాత్రలు ఆపేయాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. నడుం నొప్పికి ఏడాదిగా ట్రమడాల్ కలిసిన మాత్ర రోజుకు మూడు వేసుకుంటున్నారు. మొదట డాక్టర్ రాసిందే, ఇప్పుడు పాత చీటీ చూపించి మెడికల్ షాపులో తెచ్చుకుంటున్నాం. దాంతోపాటు గ్యాస్ గోలీ, నరాల మాత్ర కూడా ఉన్నాయి. సాయంత్రం పూట అప్పుడప్పుడు కల్లు తాగుతారు. ఈమధ్య కూర్చున్నచోటే కునికిపాట్లు పడుతున్నారు, నడిచేటప్పుడు ముందుకు వంగి అడుగులు ఈడుస్తున్నారు. పోయిన నెల బాత్రూంలో పడ్డారు. ఫిలడెల్ఫియాలో ఉన్న మా తమ్ముడు అక్కడ మత్తుమందు తీసుకున్నవాళ్లు రోడ్డు మీద రెండుగా వంగి అలాగే నిలబడిపోయిన వీడియో పంపించాడు. నాన్న మాత్ర కూడా ఆ జాతిదేనట, వెంటనే ఆపేయమంటున్నాడు. ఆపేయమంటారా?
– ఒక పాఠకురాలు, కామారెడ్డి

జవాబు: అమ్మా, ఇవాళే టక్కున ఆపేయకండి. ఏడాదిగా రోజూ పడుతున్న మందు ఒక్కసారిగా అందకపోతే చెమటలు, విరేచనాలు, ఆవలింతలు, కాళ్లు ఒకచోట పెట్టలేనంత చిరాకు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి, ట్రమడాల్‌తో అయితే కొందరికి విపరీతమైన ఆందోళన, ఒంట్లో కరెంటు కొట్టినట్టు అనిపించడం కూడా ఉంటాయి. తగ్గించాల్సిందే, నాకూ అదే అనిపిస్తోంది, కానీ డాక్టర్ చూస్తుండగా కొద్దికొద్దిగా తగ్గించాలి.

మీ తమ్ముడు చెప్పింది సగం నిజం. ట్రమడాల్, మార్ఫిన్, హెరాయిన్, ఫెంటనిల్ అన్నీ ఓపియాయిడ్లే, అంటే నల్లమందు కోవకు చెందిన మందులే. అయితే మార్ఫిన్‌తో పోలిస్తే ట్రమడాల్ బలం చాలా తక్కువ, ఫెంటనిల్ బలం 50 నుంచి 100 రెట్లు ఎక్కువ. పైగా ఫిలడెల్ఫియాలో, ముఖ్యంగా కెన్సింగ్టన్ వీధుల్లో దొరికే ఫెంటనిల్‌లో పశువులకు మత్తుకోసం ఇచ్చే జైలజీన్ కలుపుతూ వచ్చారు, 2024 నుంచి అలాంటిదే అయిన మెడెటోమిడిన్ ఎక్కువగా కనిపిస్తోంది. మనం నిటారుగా నిలబడాలంటే వీపు, మెడ కండరాలకు మెదడు నుంచి ఆదేశాలు ఆగకుండా అందుతూ ఉండాలి. ఆ మత్తులో మనిషి పూర్తిగా నిద్రపోడు, పూర్తిగా మెలకువగానూ ఉండడు, తల వాలిపోతుంది, నడుము వంగుతుంది, కాళ్లు మాత్రం ఇంకా పట్టు వదలవు. దాంతో అలా రెండుగా మడిచినట్టు ఆగిపోతారు. అందులో ఏ మందు పాత్ర ఎంత అన్నది ఇంకా తేలలేదు. వాళ్లు జబ్బుపడ్డ మనుషులు, ఆ వీడియోలు నవ్వుకోవడానికి తిప్పడం నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇక నాన్నగారి సంగతి. మీరు కునికిపాట్లు, వంగి నడవడం ఒకే గాటన కట్టారు. నేను వాటిని విడివిడిగా చూస్తాను.

కునికిపాట్లకు ట్రమడాల్ ఒక్కటే కారణం కాకపోవచ్చు. మీరన్న నరాల మాత్ర ప్రీగాబలిన్ గానీ గాబాపెంటిన్ గానీ అయి ఉంటే, రెండు మత్తులూ కలిసిపోతున్నాయి. ఇలా ఓపియాయిడ్‌తో కలిపి వాడితే, అందులోనూ పెద్దవయసువాళ్లలో, ఊపిరి ప్రమాదకరంగా తగ్గిపోవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019 డిసెంబరులోనే హెచ్చరించింది. దాని మీద కల్లు! మీ వైపు కల్తీ కల్లులో అల్ప్రాజోలం అనే మత్తు మందు కలపడం కొత్త విషయం కాదు. ఈ మూడూ ఒకే సాయంత్రం ఒంట్లో పడితే కునకడం, తూలడం, లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరగడం జరగకుండా ఎలా ఉంటాయి? అయితే రోజూ తాగే అలవాటు ఉంటే దాన్ని కూడా ఒక్కసారిగా మాన్పించకూడదు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. ఎన్నాళ్లకోసారి, ఎంత తాగుతున్నారో డాక్టర్‌కి దాచకుండా చెప్పండి.

వంగి, అడుగులు ఈడుస్తూ నడవడం గురించి చెప్పాలంటే నా అనుమానం ముందు గ్యాస్ గోలీ మీదకు పోతోంది. ట్రమడాల్ వాడేవాళ్లలో చాలామందికి వికారం, కడుపులో తిప్పడం ఉంటాయి. దాన్ని గ్యాస్ అనుకుని ఇంకో మాత్ర మొదలుపెడతారు, అందులో ఎసిడిటీ మందుతో పాటు లెవోసల్పిరైడ్ ఉందేమో ఎవరూ చూడరు. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, కళ్లు తిరుగుతున్నాయని నెలల తరబడి వాడే సిన్నరిజిన్ కూడా ఈ కోవలోవే. ఇవి మెదడులో కదలికలను నడిపించే డోపమైన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటాయి, అప్పుడు అచ్చం పార్కిన్సన్స్ జబ్బులాగే మొహంలో కదలిక తగ్గి, చేతులు ఊపకుండా, చిన్నచిన్న అడుగులతో ముందుకు వంగి నడుస్తారు. కారణమైన మందు ఆపితే చాలామందిలో కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో తగ్గుతుంది. ఈ సంగతి తెలియక పార్కిన్సన్స్ మందులు కూడా మొదలుపెట్టేస్తే మాత్రల సంచి ఇంకా బరువెక్కుతుంది తప్ప మనిషి బాగుపడడు.

ఎముకల సంగతి కూడా చూడాలి. ఓపియాయిడ్లు ఏళ్ల తరబడి వాడితే మగవాళ్లలో టెస్టోస్టిరాన్ తగ్గి ఎముకలు బలహీనపడవచ్చు. బాత్రూంలో పడ్డారంటున్నారు కాబట్టి వెన్నుపూస నొక్కుకుపోయిందేమో ఎక్స్‌రే తీయించండి. వెన్నులో నరాల దారి ఇరుకైనవాళ్లు కూడా నడిచేటప్పుడు వంగుతారు, అలా వంగితే వాళ్లకు కాళ్ల నొప్పి కాస్త తేలికవుతుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు రెండు మూడు రోజులు ఏ మాత్ర ఎన్నింటికి వేసుకున్నారు, ఎన్నింటికి కునుకుతున్నారు, ఎన్నింటికి వంగి నడుస్తున్నారు అన్నది కాగితం మీద రాయండి. మాత్ర వేసుకున్న గంటా రెండు గంటల్లో మత్తు పెరిగి తర్వాత తేరుకుంటున్నారా, లేక రోజంతా నడక ఒకేలా ఉందా అన్నది డాక్టర్‌కి చాలా పనికొస్తుంది. వెల్లకిలా పడుకున్నప్పుడు వీపు నిటారుగా అవుతోందా లేదా కూడా చూడండి. ఇంట్లో ఉన్న మందుల షీట్లన్నీ, గ్యాస్‌వీ నిద్రవీ ప్రోస్టేట్‌వీ కూడా, ఒక్కటి వదలకుండా తీసుకెళ్లండి. డిప్రెషన్ మాత్రలు ఏమైనా ఉంటే తప్పకుండా చెప్పాలి, ట్రమడాల్‌తో అవి కలిస్తే వణుకు, కండరాలు ఎగిరెగిరి పడటం, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. ముందు జనరల్ ఫిజీషియన్‌కి చూపించి సోడియం, క్రియాటినిన్, షుగర్ పరీక్షలు చేయించండి, నడక గురించి న్యూరాలజిస్ట్ అవసరమా అన్నది ఆయనే చెబుతారు. పాత చీటీతో మందు తెచ్చుకోవడం మాత్రం ఇక మానేయండి. 2018లో ట్రమడాల్‌ని మత్తుమందుల నియంత్రణకున్న ఎన్‌డీపీఎస్ చట్టం కిందకు తెచ్చింది ఊరికే కాదు. చెప్పినదానికంటే ఎక్కువ వేసుకుంటున్నారని, దాచుకుంటున్నారని అనుమానం వస్తే ఆయన మీద అరవకండి, మత్తు అలవాటు మాన్పించడానికి ఉన్న 14446 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఏం చేయాలో అడగండి.

ఈలోగా పిలిచినా, గట్టిగా తట్టినా లేవకపోయినా, ఊపిరి బాగా నెమ్మదించినా, గొంతులో గురగురమన్నా, పెదాలు నీలంగా మారినా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ట్రమడాల్ వాడుతున్నారని అంబులెన్స్ వాళ్లకు మొదటే చెప్పండి, ఆసుపత్రిలో ఓపియాయిడ్ మత్తుకు విరుగుడైన నాలోక్సోన్ ఇంజెక్షన్ అవసరమా అన్నది దాన్ని బట్టి తొందరగా తేల్చుకుంటారు.