మేకలే మా బ్యాంకు అనుకుంటే కష్టం

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి, కుటుంబంతో నర్సంపేట దగ్గర మా ఊరికి వచ్చేశాం. నాన్న (67 ఏళ్లు) పేరున రెండెకరాలుంది. దాచుకున్నదాంట్లో 9 లక్షలు బోరుకు, కంచెకు, కొట్టానికి, పాత ఇంటి రిపేరుకు అయిపోయాయి. రెండు ముర్రా బర్రెలు, 15 మేకలు (ఆరు పోతులు), 40 నాటుకోళ్లు ఉన్నాయి. కూరగాయల తోట మొదలుపెట్టాం. చేతిలో 1.4 లక్షలు మిగిలింది. డ్రిప్పుకు, మామిడి అంట్లకు ఇంకో 40 వేలు పక్కన పెట్టాం. ఇంటి ఖర్చు 28 వేలు. నా భార్య ప్రైవేటు స్కూల్ టీచర్, జీతం 18 వేలు. మిగతాది పాల డబ్బుతో సరిపోతోంది. ఇప్పుడు కొత్తగా ఈనిన నాలుగు బర్రెలు బేరానికి వచ్చాయి. బంగారం మీద బ్యాంకులో 3 లక్షలు, తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల మిత్తికి 2 లక్షలు తీసుకోవాలని ఉంది. పీఎఫ్ ముట్టుకోలేదు. ఏదైనా అవసరం పడితే నాలుగు మేకలు అమ్ముకుంటాం, మేకలే మా బ్యాంకు. కొనమంటారా?

జవాబు: కొనకండి. బర్రెలు మంచివే కావచ్చు, బేరం కూడా మంచిదే కావచ్చు. ఈ అప్పుతో మాత్రం వద్దు.

మీరు పంపిన లెక్క చూశాను. నాలుగు బర్రెలు, రోజుకు ఎనిమిదేసి లీటర్లు, లీటరు 60 రూపాయలు, నెలకు 57,600. దాణాకు, గడ్డికి సగం పోయినా 28 వేలు మిగులుతాయని రాశారు. పన్నెండు నెలలూ ఒకేలా పాలిచ్చే బర్రె మన వరంగల్‌లోనే కాదు, ముర్రా పుట్టిన హర్యానాలోనూ దొరకదు. ఈనిన కొత్తలో బాగా ఇస్తుంది, తర్వాత తగ్గుతూ వచ్చి పదో నెల అటూఇటూగా వట్టిపోతుంది. సమయానికి ఎదకు రాకపోయినా, చూడి నిలవకపోయినా వట్టి రోజులు ఇంకా పెరుగుతాయి. పైగా నాలుగూ ఒకేసారి ఈనినవి కొంటున్నారు కాబట్టి నాలుగూ దాదాపు ఒకేసారి వట్టిపోతాయి. బంగారం అప్పు గడువు సాధారణంగా ఏడాది. అంటే 3 లక్షల అసలు కట్టాల్సిన రోజుల్లోనే పాలుండవు, మేత ఖర్చు మాత్రం ఉంటుంది. ఇక రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి నూటికి 24. 2 లక్షలకు 48 వేలు కట్టినా అసలు అలాగే ఉంటుంది. ఇంటావిడ మెడలో గొలుసు తీసి, దానికి తోడు ఈ మిత్తి కూడా మోస్తూ పాడి పెంచడం ఏ లెక్కన లాభమో మీరే చెప్పాలి.

అయినా నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది 'మేకలే మా బ్యాంకు' అన్న మాట. పట్నం నుంచి ఊరికి తిరిగొచ్చినవాళ్లు చాలామంది ఇదే అంటారు, అందుకే మీ ఉత్తరానికి ఇంత వివరంగా రాస్తున్నాను. మీకు డబ్బు అవసరం పడే రోజూ, పశువుకు ధర పడిపోయే రోజూ చాలాసార్లు ఒక్కటే అవుతాయి. మందలో పీపీఆర్ (మేకలకు అంటుకునే పారుడు రోగం) వచ్చి రెండు మేకలు పారుకుంటూ పడిపోయాయనుకోండి, మిగతావాటిని ఆ వారం అంగడికి తోలినా కొనేవాడుండడు. వానల్లేక బోరు అడుగంటిన ఏడాది ఊళ్లో ఎవరికీ గడ్డి ఉండదు, అందరూ ఒకేసారి అమ్మకానికి పెడతారు. దళారి పోతును తర్వాత చూస్తాడు, ముందు మీ ముఖం చూస్తాడు. ఆసుపత్రి ఖర్చుకు వచ్చారని తెలిస్తే 9 వేల పోతును 5 వేలకు అడుగుతాడు. మీరు ఇస్తారు కూడా.

కాబట్టి ముందు అత్యవసర నిధి. ఇంటికి ఆరు నెలల ఖర్చు, 1.68 లక్షలు. భార్య జీతం వస్తోంది కదా అనకండి, వేసవి సెలవులకు జీతం ఇవ్వని ప్రైవేటు స్కూళ్లు బోలెడు. పశువులకు విడిగా 60 వేలు. రెండు బర్రెలూ వట్టిపోతే మూడు నెలల మేతకు, ఒక పెద్ద వైద్యానికి, బోరు మోటారు కాలితే రివైండింగ్‌కు. రెండూ కలిపి 2.28 లక్షలు. మీ దగ్గరున్నది పోగా 88 వేలు తక్కువ. ఆరు పోతులనూ ఇప్పుడు కాదు, దసరాకు గిరాకీ ఉన్నప్పుడు అమ్మండి. తలా 9 వేలు వచ్చినా 54 వేలు. మిగతా 34 వేలు తోట డబ్బులోంచి తీయండి. మామిడి కాపుకు ఎలాగూ నాలుగైదేళ్లు ఆగాలి, ఇంకో ఏడాది ఆగితే పోయేదేం లేదు. మిగిలిన 6 వేలతో బీర, సొరకు పందిరి వేసి, బెండ, టమాటా పెట్టుకుంటే కూరగాయల ఖర్చు కొన్ని వారాల్లోనే తగ్గుతుంది. నిధి మొత్తం ఫోన్‌పేకు లింక్ లేని ఖాతాలో వేయండి.

ఉద్యోగంతో పాటే కంపెనీ ఆరోగ్య బీమా పోయి ఉంటుంది, మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. కుటుంబమంతటికీ 10 లక్షల ఫ్లోటర్ (అందరికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా) ఈ నెలలోనే తీసుకోండి. దానివల్ల నిధి నిండడం కొన్ని నెలలు వెనక్కి పోయినా పర్వాలేదు. ఇంకోటి, రైతు చనిపోతే ఇంటివాళ్లకిచ్చే రైతు బీమా 5 లక్షలు పట్టాదారుకే, అదీ 18 నుంచి 59 ఏళ్ల వరకే. పట్టా నాన్న పేరున ఉంది, ఆయన వయసు దాటిపోయింది. మీ ఇంట్లో ఇవాళ ఎవరికీ ఆ రక్షణ లేదు. నాన్నకు ఇష్టమైతే కనీసం ఒక ఎకరమైనా తహసీల్దార్ ఆఫీసులో మీ పేరున గిఫ్ట్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి.

బర్రెలకు బీమా చేయిస్తే చెవికి పోగు వేస్తారు. క్లెయిముకు ఆ పోగే ఆధారం. తెగి పడిపోతే వెంటనే కంపెనీకి చెప్పి కొత్తది వేయించాలి. రాత్రి బర్రె చచ్చిపోతే తెల్లారేసరికి గుంత తీసి పూడ్చేయడం మనవాళ్ల అలవాటు. పోగు కనబడేలా ఫొటో, డాక్టరు పోస్ట్‌మార్టం అయ్యేదాకా కదిలించొద్దు.

పీఎఫ్ అలాగే ఉంచండి. మేత ఖర్చుకు అప్పు తప్పదనుకుంటే పాడి రైతులకిచ్చే కిసాన్ క్రెడిట్ కార్డు అడగండి, 2 లక్షల వరకు గడువులోగా కడితే వడ్డీ 4 శాతమే పడుతుంది.

నిధి నిండాక మూడో బర్రె కొనండి. ఒక్కటే, నగదుకే, ఇప్పుడున్న రెండూ వట్టిపోయే ముందు నెలలో ఈనినది చూసుకుని.