కాలనీ రోడ్డు చిక్కులు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా కాలనీ పెద్ద వీధి 40 అడుగులది. బాచుపల్లి రోడ్డు మీద ట్రాఫిక్ ఆగిందంటే చాలు, ఫోన్లో మ్యాప్ చూసుకుంటూ కార్లన్నీ మా వీధిలోకి తిరుగుతున్నాయి. స్కూలు బస్సు ఆగే చోట ఇప్పటికి రెండుసార్లు పెద్ద గండం తప్పింది. తలా కొంత వేసుకుని స్పీడ్ బ్రేకర్లు కట్టిద్దామని కొందరు, పొద్దున 8 నుంచి 10 దాకా గేటు మూసేద్దామని కొందరు అంటున్నారు. ఏది నయం?
– కాలనీ సంఘం సభ్యురాలు, నిజాంపేట

జవాబు: గేటు ఆలోచన మానుకోండి. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేటప్పుడే రోడ్లనూ, పార్కు స్థలాన్నీ గిఫ్ట్ డీడ్ రాసి స్థానిక సంస్థకు అప్పగిస్తారు. అప్పటినుంచి అది అందరి రోడ్డు. మొదటినుంచీ గేటెడ్ కమ్యూనిటీగానే ప్లాను మంజూరైతే సంగతి వేరు, అది మీ కాగితాల్లోనే రాసి ఉంటుంది. అది లేకుండా గేటుకు తాళం వేస్తే పక్క కాలనీవాళ్లు ఒక్క అర్జీ పెట్టినా చాలు, తీసేయాల్సి వస్తుంది. 2024 జులైలో హైదరాబాద్‌లో ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా ఏర్పడ్డాక కాలనీల మధ్య దారికి అడ్డంగా ఉన్న ప్రహరీలను అది తొలగించింది కూడా. అన్నిటికంటే ముఖ్యం, రాత్రిపూట అంబులెన్స్ వచ్చినప్పుడు తాళంచెవి ఎవరి దగ్గరుందో వెతుక్కునే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

ఇక స్పీడ్ బ్రేకర్. సొంతంగా కట్టించుకునేవాటిలో చాలావరకు తప్పు కొలతతోనే ఉంటాయి. మేస్త్రీ మిగిలిన కంకరతో అడుగు వెడల్పు, ఆరంగుళాల ఎత్తున ఒక గట్టు పోసేస్తాడు. అది వేగాన్ని తగ్గించదు, బండిని ఎగరేస్తుంది. మామూలు కార్ల అడుగుభాగం నేల నుంచి 16, 17 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. మనుషులతో నిండిన కారుకు అంతకూడా ఉండదు కాబట్టి గట్టు కింద గీసుకుంటుంది. స్కూటర్ వెనక కూర్చున్న పెద్దవాళ్ల నడుముకు, గర్భిణులకు అది ప్రమాదం. స్కూటర్లవాళ్లు గట్టు తప్పించుకోవాలని కాల్వ అంచుకు పోతారు. పిల్లలు నడిచేదీ అక్కడే.

రోడ్ల ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన గుండ్రటి హంపుకు, అంటే స్పీడ్ బ్రేకర్‌కు, ప్రయాణ దిశలో వెడల్పు 3.7 మీటర్లు, మధ్యలో ఎత్తు 10 సెంటీమీటర్లు, వంపు వ్యాసార్ధం 17 మీటర్లు. దాని మీద బండి గంటకు సుమారు 25 కిలోమీటర్ల వేగంతో కుదుపు లేకుండా దాటుతుంది. మనకు కావలసిందీ అంతే. నలుపు తెలుపు పట్టీలు వేసి, 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు పెట్టాలి. రంగు వెలిసిన హంపు రాత్రిపూట అసలు లేనిదానికంటే ప్రమాదం. రోడ్డు అంచున వాననీరు పారే దారి వదలాలి, లేకపోతే హంపు వెనక మడుగు కట్టి నాలుగు వానలకే తారు లేచిపోతుంది. మలుపు మీదా, మ్యాన్‌హోల్ మూత మీదా వేయకూడదు.

ఒక్క హంపుతో దారి మళ్లి వచ్చే కార్లు తగ్గవు. దాన్ని దాటగానే మళ్లీ వేగం అందుకుంటాయి. సుమారు 100 నుంచి 120 మీటర్లకొకటి చొప్పున వరుసగా ఉంటే వీధి పొడవునా వేగం తగ్గుతుంది. మ్యాప్ దారి చూపేది పట్టే సమయాన్ని బట్టే కదా, మీ వీధిలో ఆలస్యం పెరిగేకొద్దీ ఆ లాభం పోతుంది.

దీన్ని అడగాలంటే చేతిలో లెక్క ఉండాలి. మామూలు పనిరోజులు మూడు తీసుకుని ఉదయం 8 నుంచి 10, సాయంత్రం 5 నుంచి 8 వరకు, 15 నిమిషాలకొక వరుస చొప్పున బైకులు, ఆటోలు, కార్లు, లారీలు విడివిడిగా రాయండి. వీధి రెండు చివరలా ఇద్దరు కూర్చుని కార్ల నంబర్లలో చివరి నాలుగు అంకెలు రాసుకుంటే, ఆగకుండా దాటిపోయేవి ఎన్నో కచ్చితంగా తేలుతుంది. ఈ పని ఎవరూ చేయరు, కాబట్టే అర్జీలు బుట్టదాఖలవుతాయి. లెక్కను, వీధి పటాన్ని జతచేసి ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్‌కు ఒకటి, సర్కిల్ ఇంజినీరింగ్ విభాగానికి ఒకటి ఇవ్వండి. ఇద్దరూ కలిసి తనిఖీకి రావాలని అదే అర్జీలో అడగండి. లేకపోతే పోలీసుల ఒప్పుకోలు కావాలని ఇంజినీర్లు, నిధులు ఇంజినీరింగ్ విభాగానివని పోలీసులు ఏళ్లకేళ్లు తిప్పుతారు. పొద్దున రెండు గంటలపాటు మెయిన్ రోడ్డు నుంచి మీ వీధిలోకి మలుపు ఆపాలనీ అడగవచ్చు. ముందు కోన్లు పెట్టి వారం రోజులు ప్రయోగంగా చూడమనండి.

ఆ లోపు మీ చేతిలో ఉన్న పని పార్కింగ్. 40 అడుగులంటే 12 మీటర్ల పైచిలుకు. అందులో తారు పడింది 7.5 మీటర్లయితే, రెండు వైపులా కార్లు ఆపితే మిగిలేది 3.5 మీటర్లు. సరి తేదీల్లో ఒక వైపు, బేసి తేదీల్లో ఇంకోవైపు ఆపుకోవాలని సంఘం తీర్మానిస్తే స్కూలు బస్సు దగ్గర పిల్లలు కనిపించేంత జాగా దొరుకుతుంది.

ప్రశ్న: పాత రోడ్డు మీదే కొత్తగా సీసీ రోడ్డు వేశారు. మా ఇల్లు ఇప్పుడు రోడ్డుకంటే 8 అంగుళాలు కిందికి పోయింది. వానపడితే నీళ్లు గేటులోంచి వచ్చి సంపులో కలుస్తున్నాయి. ఏం చేయాలి?
– బోడుప్పల్ పాఠకుడు

జవాబు: మొదట సంపు. ఈ రోజే నీళ్లు తోడించి, కడిగించి, క్లోరిన్ కలిపించండి. సంపు నోటి చుట్టూ కనీసం 15 సెంటీమీటర్ల ఎత్తున గట్టు కట్టి, మూత కింద రబ్బరు పట్టీ వేయించండి. రోడ్డు నీటిలో మురుగు కలిసే ఉంటుంది కాబట్టి ఇది రేపటికి వాయిదా వేసే పని కాదు. డ్రైనేజీ పైపు వెనక్కి ఎక్కుతుంటే ఇంటి చాంబర్ దగ్గర నీటిని వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించండి, అందులో చెత్త ఇరుక్కుంటుంది కనుక వానాకాలానికి ముందొకసారి విప్పి కడగాలి.

గేటు దగ్గర రెండు పనులు. వీధి నీరు లోపలికి రాకుండా గేటు గీతకు లోపల 10, 12 సెంటీమీటర్ల మెట్టులాంటి మిట్ట, దాని ముందు అడ్డంగా ఇనుప జాలీ వేసిన కాల్వ. ఆ కాల్వ వాననీటి కాల్వలో కలవాలి, మురుగు మ్యాన్‌హోల్‌లో కాదు. అందులో కలిపితే పెద్ద వానకు వీధంతా మురుగు పొంగుతుంది.

పోసేసిన కాంక్రీటును చెక్కి తగ్గించడం సాధ్యం కాదు. కాబట్టి పక్క వీధుల్లో ఇంకా పని మొదలవకపోతే వాళ్లకు ఈ సంగతి చెప్పండి. కింద పరుపుతో కలిపి సీసీ రోడ్డు మందం సులువుగా 25 సెంటీమీటర్లు దాటుతుంది. పాతది తవ్వి తీస్తేనే లెవెల్ నిలుస్తుంది. అంచనాలో తవ్వకం పని ఉందో లేదో ఏఈని (అసిస్టెంట్ ఇంజినీర్‌ను) ముందే అడగాలి. ప్రతి ఇంటి గోడ మీదా పాత రోడ్డు మట్టం నుంచి ఒక మీటరు ఎత్తున రంగుతో గీత గీసి ఫొటో తీసి ఉంచుకోవాలి. పోసిన రోజు నీటి గొట్టంతో మట్టం చూడండి. 6 మీటర్ల రోడ్డుకు 2 శాతం వాలు చొప్పున నడిమి భాగం అంచులకంటే 6 సెంటీమీటర్లు ఎత్తు ఉండాలి. మళ్లు కట్టి రెండు వారాలు తడపాలి. మ్యాన్‌హోల్ మూతలు కాంక్రీటు కింద పూడిపోకుండా చూసుకోవాలి.

మీ వీధిలో తవ్వకానికి బిల్లు పడిందేమో తెలుసుకోవడానికి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో అంచనా ప్రతి, జరిగిన పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్ ప్రతి అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి, లేకుంటే తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు. తవ్వకం రాసి ఉండీ తవ్వకపోతే, మీ పక్క కాల్వ పని ఆ గుత్తేదారు చేత చేయించాలని అడిగే బలం మీకు వస్తుంది.

ప్రశ్న: రెండు 30 అడుగుల రోడ్లు కలిసే మూలలో కొత్త ఇంటివాళ్లు ప్రహరీని అంచుదాకా లేపుతున్నారు. మలుపులో ఎదురు బండి కనిపించడం లేదు.
– మణికొండ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం (జీవో 168) మూల ప్లాటు ఆ కొసను కోసి వదలాలి. రోడ్డు 12 మీటర్లకు లోపైతే రెండు వైపులా 3 మీటర్ల చొప్పున, 12 నుంచి 24 మీటర్లయితే 4.5, అంతకు మించితే 6 మీటర్లు. మీది 9 మీటర్ల రోడ్డు కనుక 3 మీటర్లు. 75 నుంచి 600 గజాల లోపు స్థలాల్లోని ఇళ్లకు 2020 చట్టంతో యజమాని స్వీయ ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి వచ్చే పద్ధతి వచ్చింది, కాబట్టి ఎవరైనా చెప్తే తప్ప ఇలాంటివి దృష్టికి రావు. గోడ ఇంకా లేస్తుండగానే టేపుతో కొలిచిన ఫొటోతో టౌన్ ప్లానింగ్ విభాగానికి అర్జీ ఇవ్వండి. ముందు ఆ ఇంటివాళ్లకు కొలత చూపించి మాట్లాడండి, చాలామందికి ఈ నియమం ఉందనే తెలియదు. ఇప్పుడైతే పోయేది పది ఇటుక వరుసలు.

కుంభాకార దర్పణం పెడితే సరిపోదా అంటే, అది తోడు మాత్రమే. అందులో బండి ఉన్నదానికంటే దూరంగా, నెమ్మదిగా వస్తున్నట్టు కనిపిస్తుంది.

ప్రశ్న: రోడ్డు వెడల్పు చేస్తామని మా గోడ మీద ఎర్ర రంగుతో గుర్తు వేసి వెళ్లారు. నోటీసు లేదు.
– ఉప్పల్ పాఠకుడు

జవాబు: గుర్తు నోటీసు కాదు. రోడ్డు అభివృద్ధి ప్రణాళికలో మీ స్థలం ఎంత పోతుందో చూపే స్కెచ్ రాతపూర్వకంగా అడగండి. రోడ్డు మధ్యగీత నుంచి కొలిచారా, ఎదుటివైపు ఎంత తీస్తున్నారన్నదీ అందులోనే తెలుస్తుంది. నగదు బదులు టీడీఆర్ (బదిలీ చేసుకోగల అభివృద్ధి హక్కు) ఇస్తామంటే, అది అదనపు అంతస్తుల కోసం బిల్డర్లు కొనుక్కునే హక్కు పత్రం. దాని ధర బజారును బట్టి మారుతుంది. నగదే కావాలంటే 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం కోరవచ్చు, అందులో విలువకు సమానంగా సొలేషియం, అంటే ఊరట సొమ్ము, కూడా కలుస్తుంది. ఏది ఒప్పుకున్నా, స్వాధీన పత్రం మీద సంతకం చేసేముందు పోయే భాగాన్ని గజాల్లో రాయించుకోండి, మిగిలే భాగానికి సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) సడలింపు ఇస్తున్నారా లేదా అన్నదీ అదే కాగితం మీద ఉండాలి.