పెడల్ స్టీల్ అందరి చేతుల్లోనూ ఒకేలా ఏడుస్తుందా?

అమెరికా కంట్రీ పాటల్లో వినిపించే పెడల్ స్టీల్ గిటార్ (పడుకోబెట్టిన తీగల మీద ఉక్కు కడ్డీ జార్చుతూ, కాలి పెడళ్లతో తీగల శ్రుతి మార్చుతూ వాయించే వాద్యం) ఎవరు వాయించినా ఒకే ఏడుపులా ఉంటుందని, అలాంటప్పుడు స్టీల్ వాద్యకారుడు బడ్డీ ఎమన్స్‌ను ఎందుకంత గొప్పగా చెప్పుకుంటారని మీరు అడిగారు. టెక్సస్‌లో ఉంటూ ఆరేళ్లుగా ఈ వాద్యం సాధన చేస్తున్నాను. చిన్నప్పుడు విజయవాడలో ఏడేళ్లు వీణ నేర్చుకున్నాను. అందుకే వీణ వైపు నుంచే జవాబు చెబుతాను.

ముందు ఆ ఏడుపు సంగతి. ఎడమచేతిలోని ఉక్కు కడ్డీని తీగల మీద జార్చడం వల్లే అది పుడుతుందని నేనూ అనుకున్నాను. మెట్లు లేకుండా జార్చి వాయించే వీణ, గోటువాద్యం విన్న చెవికి అలాగే తోస్తుంది. జారుడు ఉన్నమాట నిజమే, కానీ గుండెను పట్టుకునేది అది కాదు. కడ్డీ ఉన్నచోటే ఉంటుంది. మోగుతున్న తీగల్లో ఒకటి మాత్రం మెల్లగా పైకి పాకుతుంది, తక్కినవి కదలవు. వీణలో మెట్టు మీద తీగను పక్కకు లాగి గమకం పలికిస్తాం కదా, ఆ లాగే పని ఇక్కడ కాలు చేస్తుంది.

మూడు తీగలు కలిపి మీటారనుకోండి: స, ప, గ. ఎడమకాలితో మొదటి పెడల్ నొక్కితే పంచమం చతుశ్రుతి ధైవతానికి ఎక్కుతుంది. రెండోది నొక్కితే అంతర గాంధారం శుద్ధ మధ్యమానికి చేరుతుంది. రెండూ నొక్కితే స, ధ, మ. షడ్జం అంగుళమైనా కదలలేదు, కానీ ఇప్పుడది మధ్యమానికి పంచమంగా వినిపిస్తుంది. మొదటిసారి నా కాలి కింద ఇది జరిగినప్పుడు మళ్లీ మళ్లీ నొక్కుతూ ఆ ఒక్క మార్పే గంటసేపు విన్నాను.

తీగ మోగుతుండగా పెడల్ నొక్కడాన్ని కంట్రీ సంగీతంలో అందరి చెవులకూ చేర్చినవాడు స్టీల్ వాద్యకారుడు బడ్ ఐజక్స్. 1954లో విడుదలైన గాయకుడు వెబ్ పియర్స్ పాట 'స్లోలీ'లో ఆ ధ్వని వినిపించాక స్టీల్ వాద్యకారులంతా పెడళ్ల వెంట పడ్డారు. ఐజక్స్ పెడల్ రెండు స్వరాలనూ కలిపే ఎక్కించేది. ఎమన్స్ ఆ పనిని విడదీసి రెండు పెడళ్లకు పంచాడు. చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ, అసలు సంగతంతా అందులోనే ఉంది. పంచమం ఒక్కటే కదిలితే ఒక భావం. గాంధారం ఒక్కటే మధ్యమం దాకా వెళ్లి అక్కడ ఆగితే, ఎవరో మాట సగంలో ఆపి మన ముఖంలోకి చూసినట్టు ఉంటుంది. జిమ్మీ డే అనే మరో స్టీల్ వాద్యకారుడు కూడా అలాగే విడదీశాడు, కాకపోతే తిరగేసిన వరుసలో. ఈనాటికీ వాద్యం కొనబోతే 'ఎమన్స్ అమరికా, డే అమరికా?' అని అడుగుతారు.

1960ల మొదట్లో ఎమన్స్ ఇంకో పని చేశాడు. పై వరుసలో రెండు తీగలు చేర్చాడు. మనం చెప్పుకున్న షడ్జానికి ఒకటి రిషభం, ఒకటి కాకలి నిషాదం. దాంతో కడ్డీని ఊరికే అటూ ఇటూ పరుగెత్తించకుండా ఒకేచోట నిలిపి స్వరాల వరుస పలికించే వీలు కలిగింది. ఈ రోజు పది తీగల వాద్యం ముందు కూర్చునే ప్రతివాడూ ఆయన వేసిన దారిలోనే నడుస్తున్నాడు. 1937లో ఇండియానా రాష్ట్రంలోని మిషవాకాలో పుట్టి, పద్దెనిమిదేళ్లకే కంట్రీ గాయకుడు లిటిల్ జిమ్మీ డికెన్స్ బృందంలో చేరినవాడు. 1957లో షాట్ జాక్సన్‌తో కలిసి షో-బడ్ వాద్యాల సంస్థ, 1963లో తన పేరుతోనే మరో సంస్థ స్థాపించాడు. ఆ ఏడాదే న్యూయార్క్‌లో జాజ్ కళాకారులతో ఒక పూర్తి ఆల్బమ్ రికార్డు చేశాడు. 2015లో కన్నుమూశాడు.

అయితే వాద్యాన్ని మార్చినంత మాత్రాన నేనాయన్ను ఇంతగా ప్రేమించను. నాకు నేర్పిన పెద్దాయన డ్యాన్స్ హాళ్లలో వాయించి రిటైరైనవారు. మూడో నెలలో నా కుడికాలి కింద ఉండే వాల్యూమ్ పెడల్‌ను తీసి గోడవారగా పెట్టేశారు. స్వరం సన్నగిల్లేకొద్దీ ఆ పెడల్‌ను కొద్దికొద్దిగా తొక్కి నాదాన్ని నిలపాలి. నేనేమో ప్రతి స్వరాన్నీ దాంతో ఊపేస్తున్నాను. అది లేకుండా నెల రోజులు వాయించాక నా తప్పులన్నీ బయటపడ్డాయి. మీటిన తీగ నా మాట వినకుండా మోగుతూనే ఉంది, తరువాతి స్వరం దాని మీద పడి మసకబారుతోంది. కుడి అరచేతి అంచుతో పాత స్వరాన్ని ఆపి, అదే క్షణంలో కొత్తదాన్ని మీటాలి. ఇంతకాలం నేను మీటు గురించే ఆలోచించాను, ఆపడం గురించి ఆలోచించలేదు.

ఆ నెల తరువాత మళ్లీ ఎమన్స్‌ను వింటే వేరే మనిషిని విన్నట్టయింది. ఎంత వేగంగా పోతున్నా ప్రతి స్వరానికీ మొదలు, తుది స్పష్టంగా ఉన్నాయి. కంట్రీ గాయకుడు రే ప్రైస్ 1963 నాటి 'నైట్ లైఫ్' వినండి. మొదట్లో ప్రైస్ మామూలుగా మాట్లాడుతుంటే వెనక స్టీల్ పలుకుతుంది. అక్కడ ఎమన్స్ వాయించింది నేను పైన చెప్పిన తీగల వరుస కాదు, మందంగా, లోతుగా మోగే, సీ సిక్స్త్ అని పిలిచే మరో శ్రుతి అమరిక. ఒక్క తీగ ఏడ్వదు. నాలుగైదు తీగలు కలిసి, అర్ధరాత్రి దాటాక బాకాల బృందం దూరంగా వాయిస్తున్నట్టు కదులుతాయి. పాటకు చోటు కావలసినచోట చేయి తీసేస్తాడు.

మీకు అందరూ ఒకేలా వినిపించడానికి కారణం బహుశా ఆ పైకి పాకే స్వరం ఒక్కదాన్నే వినడం. మరో స్టీల్ వాద్యకారుడు రాల్ఫ్ మూనీని గాయకుడు వేలన్ జెన్నింగ్స్ పాటల్లో వినండి, మీటు పదునుగా, ఎగిరెగిరి పడుతుంది. గాయకుడు బక్ ఓవెన్స్ 1964 పాట 'టుగెదర్ అగైన్'లో స్టీల్ వాయించిన టామ్ బ్రమ్లీ నిదానంగా, నిజంగానే కంటతడి పెట్టిస్తాడు. మీరు ఏడుపు అంటున్నది అక్కడ పూర్తిగా తగినమాట. ఈ ఇద్దరినీ విన్నాక 'నైట్ లైఫ్' పెట్టుకోండి. మొదటిసారి పాటంతా వినండి. రెండోసారి ప్రైస్ గొంతును పక్కన పెట్టి, స్టీల్ స్వరం ఎక్కడ మొదలైందో కాకుండా ఎక్కడ ఆగిందో మాత్రమే గమనించండి.